స్పీకర్ కిట్‌లో అప్‌గ్రేడ్ క్రాస్‌ఓవర్ పార్టులు: డబ్బు పెట్టాలా వద్దా, ఎలా తేల్చుకోవాలి?

స్పీకర్ కిట్ (మనమే కట్టుకునే స్పీకర్ పార్టుల సెట్) కొందామని చూస్తే ధర పక్కనే ఇంకో ఆప్షన్ ఊరిస్తూ ఉంటుంది: అప్‌గ్రేడ్ క్రాస్‌ఓవర్ (క్రాస్‌ఓవర్ అంటే పై స్వరాల్ని చిన్న డ్రైవర్ ట్వీటర్‌కీ, కింది స్వరాల్ని పెద్ద డ్రైవర్ వూఫర్‌కీ పంచే సర్క్యూట్). దాన్ని ఎంచుకుంటే బిల్లు గట్టిగానే పెరుగుతుంది. పెట్టాలా వద్దా అని ఎవరినైనా అడిగితే వచ్చే జవాబులు రెండే. "చెవులుంటే తేడా తెలుస్తుంది" అని ఒకరు, "అంతా మోసం" అని ఇంకొకరు. రెండింటితోనూ మన పని జరగదు. మీ కిట్‌లో ఏ పార్టు ఎక్కడుంది, దాన్ని మారిస్తే ఏం మారుతుంది అన్నది చూసుకుంటే జవాబు దానంతటదే తేలుతుంది.

నా లెక్క ముందే చెప్పేస్తాను. ట్వీటర్‌కి సిరీస్‌లో (సిగ్నల్ దాని గుండానే వెళ్లేలా) చవక రకం ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఉంటే మార్చండి, మామూలు పాలీప్రొపిలీన్ రకం, అంటే ఎంకేపీ చాలు. వూఫర్‌కి వెళ్లే కాయిల్ మరీ సన్న తీగతో చుట్టి ఉంటే ఆలోచించండి. మిగతావి చాలావరకు అలాగే వదిలేయండి. ఇది టూ-వే కిట్‌ని (ట్వీటర్, వూఫర్ మధ్య శబ్దాన్ని రెండుగా పంచేది) దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. అమెరికా షాపు పార్ట్స్ ఎక్స్‌ప్రెస్ వాళ్ల సీ-నోట్ లాంటి చిన్న బుక్‌షెల్ఫ్ కిట్‌లన్నీ ఈ కోవలోకే వస్తాయి. త్రీ-వేకి కూడా పద్ధతి ఇదే, పార్టులే ఎక్కువ.

ఏమేం కావాలి

- కిట్‌తో వచ్చిన క్రాస్‌ఓవర్ స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ). ఇది లేకుండా మొదలుపెట్టకండి.
- మల్టీమీటర్.
- ఎల్‌సీఆర్ మీటర్ (కాయిల్, కెపాసిటర్, రెసిస్టర్ విలువలు కొలిచేది). కొనే ఉద్దేశం లేకపోతే ఎల్‌సీఆర్-టీ4 పేరుతో దొరికే చవక కాంపోనెంట్ టెస్టర్ చాలు, విలువతో పాటు ఈఎస్ఆర్ (కెపాసిటర్ లోపలి రెసిస్టెన్స్) కూడా చూపిస్తుంది.
- కొలత మైక్ (మినీడీఎస్పీ యూమిక్-1 లాంటిది), ల్యాప్‌టాప్, అందులో ఉచితంగా దొరికే కొలతల సాఫ్ట్‌వేర్ రూమ్ ఈక్యూ విజార్డ్. మైక్ స్నేహితుల దగ్గర అరువు తెచ్చుకున్నా సరే.
- క్రాస్‌ఓవర్‌ని కంప్యూటర్‌లోనే వేసి చూసే విట్యుఇక్స్‌క్యాడ్ సాఫ్ట్‌వేర్, ఇదీ ఉచితమే. తప్పనిసరి కాదు, ఉంటే సగం పని కొనకముందే అయిపోతుంది.
- సోల్డరింగ్ ఐరన్, మొసలి క్లిప్పుల వైర్లు, ఒక చెక్క పలక, కేబుల్ టైలు.

1. స్కీమాటిక్ తీసి పార్టుల్ని విడదీయండి

ఒక్కో పార్టు పక్కన పెన్సిల్‌తో రాసుకోండి: ఇది సిరీస్‌లో ఉందా, లేక సిగ్నల్‌కీ గ్రౌండ్‌కీ మధ్య ప్యారలల్‌లో ఉందా? ట్వీటర్‌దా, వూఫర్‌దా? అప్‌గ్రేడ్‌లో ఏదైనా తేడా వినబడితే అది ఎక్కువగా వచ్చేది రెండు చోట్ల నుంచే. ఒకటి ట్వీటర్‌కి సిరీస్‌లో ఉన్న కెపాసిటర్. రెండోది వూఫర్‌కి సిరీస్‌లో ఉన్న కాయిల్. అమ్మే కిట్‌లో ఈ రెండే మార్చి, మిగతావి స్టాండర్డ్‌గా ఉంచుకునే వీలుందేమో అడిగి చూడండి. సెట్ మొత్తం కొనాలనే రూలేమీ లేదు, పార్టులు విడిగానూ దొరుకుతాయి.

2. ఉన్నవాటిని కొలవండి

ముందుగా కెపాసిటర్లు. నాన్-పోలార్ (ప్లస్, మైనస్ లేని) ఎలక్ట్రోలిటిక్‌ల టాలరెన్స్ (రాసిన విలువకి అటూ ఇటూ తేడా) 10 నుంచి 20 శాతం దాకా ఉంటుంది, ఎంకేపీలకి మామూలుగా 5 శాతం. సెకండ్ ఆర్డర్ ఫిల్టర్‌లో (ఒక కెపాసిటర్, ఒక కాయిల్ ఉన్నది) కెపాసిటర్ 10 శాతం ఎక్కువైతే 3000 హెర్ట్జ్ క్రాస్‌ఓవర్ పాయింట్ (వూఫర్ నుంచి ట్వీటర్‌కి మారే చోటు) దాదాపు 2860కి జారుతుంది. ఒక స్పీకర్లో అలా జారి, రెండోదాంట్లో జారకపోతే గాయని గొంతు సరిగ్గా మధ్యలో నిలబడదు. అందుకని ఎడమ, కుడి స్పీకర్ల పార్టుల్ని కొలిచి జతలుగా పెట్టుకోండి. దీనికి పైసా ఖర్చు లేదు, చాలా ఖరీదైన అప్‌గ్రేడ్‌ల కంటే ఎక్కువ పని చేస్తుంది.

తర్వాత కాయిల్‌ల డీసీ రెసిస్టెన్స్, అంటే డీసీఆర్. మల్టీమీటర్ని 200 ఓమ్ రేంజ్‌లో పెట్టి ముందు రెండు ప్రోబ్‌ల మొనలు గట్టిగా కలపండి. 0.2 లేదా 0.3 చూపిస్తుంది. అది వైర్లది. దాన్ని తీసేసిన అంకె కాయిల్‌ది. ఈ తీసివేత మర్చిపోయి, "0.5 అని రాశాడు, 0.8 వస్తోంది, మోసం చేశాడు" అని కిట్ అమ్మినవాడి మీద పడేవాళ్లు చాలామంది. ఇంకో సంగతి, కాయిల్ చివర ఎనామెల్ (తీగ మీది పూత) గీకకపోతే ఏ అంకే రాదు.

చివరగా ఎలక్ట్రోలిటిక్‌ల ఈఎస్ఆర్. 3వ స్టెప్పు మొత్తం దీని మీదే నడుస్తుంది, రాసిపెట్టుకోండి.

3. మారిస్తే ఏం మారుతుందో లెక్క వేయండి

మీ కిట్‌లో ట్వీటర్ ముందున్న 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్‌కి ఈఎస్ఆర్ 0.5 ఓమ్ ఉందనుకోండి. ఎంకేపీకి అది లెక్కలోకి రానంత తక్కువ. ట్వీటర్ 6 ఓమ్ అయితే, ఆ అర ఓమ్ తీసేయగానే ట్వీటర్ శబ్దం సుమారు 0.7 డీబీ (డెసిబెల్) పెరుగుతుంది. ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర కాదు, ట్వీటర్ పలికే మేరంతా. అంత వెడల్పున 0.7 డీబీ పెరిగితే చెవికి తెలుస్తుంది. "తెర తీసినట్టుంది", "డీటెయిల్ పెరిగింది" అని జనం చెప్పేదాంట్లో పెద్ద వాటా దీనిదే. తలుపు తీసింది కెపాసిటర్ క్వాలిటీ కోసమే కానీ లోపలికి వచ్చింది వాల్యూమ్.

కిట్ డిజైన్ చేసినవాడు ఆ ఎలక్ట్రోలిటిక్‌తోనే కొలిచి, దాని ఈఎస్ఆర్‌తో కలిపే ట్వీటర్ లెవెల్ సెట్ చేసి ఉంటాడు. కాబట్టి ఎంకేపీ వేస్తే దానికి సిరీస్‌లో 0.47 ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి పెట్టండి. పెట్టాక కూడా తేడా వినబడితే అప్పుడు అది కెపాసిటర్‌ది. మొదట్నుంచీ ఎంకేపీతోనే డిజైన్ అయిన కిట్ అయితే ఈ గొడవ లేదు, ఆ రెసిస్టర్ వద్దు.

వూఫర్ కాయిల్ సంగతి. 8 ఓమ్ వూఫర్‌కి 0.5 ఓమ్ కాయిల్ తీసి 0.2 ఓమ్‌ది వేస్తే దక్కేది దాదాపు 0.3 డీబీ. బేస్ కాస్త బిగుసుకుంటుంది కూడా, ఎందుకంటే సిరీస్ రెసిస్టెన్స్ తగ్గితే వూఫర్ క్యూ విలువ (కోన్ ఎంతసేపు ఊగుతుందో చెప్పే అంకె) తగ్గుతుంది. కానీ బాక్స్ ట్యూనింగ్ పాత రెసిస్టెన్స్‌ని లెక్కలో వేసుకునే చేసి ఉంటారు. డిజైనర్ ఎంచుకున్న డీసీఆర్ నుంచి 0.1 ఓమ్ అటూ ఇటూ అయితే పట్టించుకోకండి. అంతకంటే దూరం వెళ్తే విట్యుఇక్స్‌క్యాడ్‌లో వేసి చూశాకే కొనండి.

ఫెరైట్ లేదా ఐరన్ కోర్ కాయిల్ కనబడగానే ముఖం చిట్లించాల్సిన పని లేదు. కోర్ శాచురేట్ అయ్యేది (ఇక అయస్కాంతత్వం పట్టలేక శబ్దం చెడేది) చాలా పెద్ద శబ్దంలో, అదీ కోర్ మరీ చిన్నదైనప్పుడు. హాల్లో మామూలుగా వినేవాళ్లకి మంచి లామినేటెడ్ ఐరన్ కోర్ హాయిగా సరిపోతుంది, పైగా అదే విలువకి డీసీఆర్ తక్కువ.

*జాగ్రత్త:* ట్వీటర్‌కి ప్యారలల్‌లో ఉన్న కాయిల్‌ని మందపు తీగది వేసి "బాగుచేయకండి". అక్కడి రెసిస్టెన్స్ డ్యాంపింగ్ (ఊపుని అణిచే) పని చేస్తుంటుంది. అది తగ్గితే క్రాస్‌ఓవర్ దగ్గర రెస్పాన్స్ మారిపోతుంది. వూఫర్‌కి ప్యారలల్‌లో ఉన్న 15, 22 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్‌లకీ ఇదే వర్తిస్తుంది. వాటిని ఎంకేపీ చేస్తే డబ్బూ చోటూ రెండూ తింటాయి, పైగా ఇంపీడెన్స్ (ఆంప్లిఫైయర్‌కి కనిపించే రెసిస్టెన్స్) ఒకచోట అనుకోకుండా కిందికి దిగొచ్చు. అవి వదిలేయండి.

4. ఇప్పుడు డబ్బు లెక్క

నేను పాటించే కొలత ఒకటే. అప్‌గ్రేడ్‌కి అయ్యే ఖర్చు, ఈ కిట్‌కీ దీని పై కిట్‌కీ మధ్య ఉన్న ధర తేడాలో సగం దాటితే అప్‌గ్రేడ్ వద్దు, పై కిట్ కొనండి. మెరుగైన వూఫర్, మెరుగైన ట్వీటర్ ఇచ్చే ఫలితం ముందు కెపాసిటర్ల తేడా నిలవదు. మన దేశానికి తెప్పించుకునేవాళ్లు కొరియర్ ఛార్జీ, కస్టమ్స్ డ్యూటీ కలిపాకే ఈ లెక్క చేయాలి. అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్నవాళ్లకి ఆ భారం తక్కువ.

గచ్చు మీద టైల్స్, ఖాళీ గోడలు, పరదాలు లేని కిటికీలు ఉన్న హాల్లో స్పీకర్లు పెట్టబోతుంటే ఆ డబ్బుతో ముందు మందపాటి తివాచీ, బరువైన కర్టెన్లు కొనండి. చప్పట్లు కొడితే గంటలా మోగే గదిలో సిల్వర్ ఫాయిల్ కెపాసిటర్ ఏం చేస్తుంది, దాని మానాన అది ఉంటుంది.

5. మార్చాలని తేలితే, ఏది కొనాలి

డేటన్ ఆడియో, సోలెన్, జాంట్జెన్ క్రాస్-క్యాప్, ముండార్ఫ్ ఎంక్యాప్ లాంటి మామూలు ఎంకేపీల దగ్గర ఆగిపోండి. అదే కంపెనీల్లో సిల్వర్, గోల్డ్, ఆయిల్ అని పైకి వెళ్లేకొద్దీ ధర రెట్లు రెట్లు పెరుగుతుంది, కొలతలో కనిపించేది మాత్రం దాదాపు ఏమీ ఉండదు. వోల్టేజ్ చూసి కూడా మోసపోవద్దు. 8 ఓమ్‌లకి 100 వాట్లు ఇచ్చే ఆంప్ నుంచి వచ్చేది 28 వోల్టులు, పీక్ 40. కాబట్టి 250 వోల్టుల కెపాసిటర్ ధారాళంగా సరిపోతుంది, 800 వోల్టులదానికి అదనంగా డబ్బు పెట్టక్కర్లేదు.

చవక దారి ఒకటి మన వీధి చివరి ఎలక్ట్రికల్ షాపులోనే ఉంది. సీలింగ్ ఫ్యాన్ కండెన్సర్ కూడా మెటలైజ్డ్ పాలీప్రొపిలీనే. 2.5, 3.15, 4 మైక్రోఫారడ్‌ల్లో దొరుకుతుంది, 440 వోల్టుల ఏసీ రేటింగ్, టాలరెన్స్ 5 శాతం అని దాని మీదే రాసి ఉంటుంది. మీకు 6.8 కావాలనుకోండి. 4, 2.5 రెండూ ప్యారలల్‌లో కలిపి, వాటికి 0.33 ఎక్స్2 కెపాసిటర్ (మెయిన్స్ కరెంటుకి వాడే ఫిల్మ్ రకం) ఒకటి జతచేస్తే 6.83 వస్తుంది. ఎక్స్2 రకం హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో మామూలుగా దొరికేదే. చూడ్డానికి అందంగా ఉండదు, డబ్బా మూసేశాక చూసేదెవరు?

రెండు హెచ్చరికలు. ఫ్యాన్ నుంచి తీసిన పాతది వాడకండి. ఫ్యాన్ నెమ్మదించిందంటే చాలాసార్లు ఆ కండెన్సర్ విలువ పడిపోయిందనే అర్థం. నీళ్ల మోటార్ స్టార్టింగ్ కండెన్సర్ అసలు వద్దు, అది ఎలక్ట్రోలిటిక్. రన్నింగ్ కండెన్సర్ అయితే పనికొస్తుంది. ఏది తెచ్చినా కొలిచి వేయండి.

కాయిల్‌ని మోటార్ వైండింగ్ షాపులో చుట్టించుకుంటే గేజ్ దగ్గర జాగ్రత్త. అమెరికా కిట్‌లో 18 గేజ్ అంటే ఏడబ్ల్యూజీ (అమెరికా తీగ కొలత), 1.02 మిల్లీమీటర్లు. మన వైండింగ్ షాపులో 18 అంటే ఎస్‌డబ్ల్యూజీ (బ్రిటిష్ తీగ కొలత), 1.22 మిల్లీమీటర్లు. డీసీఆర్ మారిపోతుంది. మిల్లీమీటర్లలో చెప్పండి, తెచ్చుకున్నాక ఎల్‌సీఆర్ మీటర్ మీద పెట్టి చూడండి.

రెసిస్టర్ల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. తెల్ల సిమెంట్ రెసిస్టర్ల ఇండక్టెన్స్ గురించి భయపెడతారు. 2 మైక్రోహెన్రీ ఉన్నా 20 వేల హెర్ట్జ్ దగ్గర అది పావు ఓమ్. పట్టించుకోకండి. చూడాల్సింది వాట్లు. గట్టిగా వినేవాళ్లు 5 వాట్లకి బదులు 10 వాట్లవి వేసుకోండి. దొరక్కపోతే రెండు 8.2 ఓమ్, 5 వాట్ల రెసిస్టర్లు ప్యారలల్‌లో పెడితే 4.1 ఓమ్, 10 వాట్లు అవుతుంది.

6. ముందు డబ్బా బయట కట్టండి

క్రాస్‌ఓవర్‌ని వెంటనే లోపల బిగించేయకండి. ఒక్కో డ్రైవర్ నుంచి రెండేసి వైర్లు పోర్ట్ గుండానో టెర్మినల్ రంధ్రం గుండానో బయటికి తీసి, చెక్క పలక మీద క్రాస్‌ఓవర్ పెట్టండి. పోర్ట్ మూసుకుపోకుండా చూసుకోండి. లేకపోతే బేస్ మారిపోయి పోలిక చెడుతుంది. పాత పార్టుతో ఒకసారి, కొత్తదానితో ఒకసారి కొలవడానికీ, నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికీ ఇదొక్కటే సులువైన మార్గం.

పలక మీద కాయిల్‌లు పెట్టే తీరు ముఖ్యం. రెండు కాయిల్‌లు పక్కపక్కనే ఒకే వైపు తిరిగి పడుకుంటే ఒకదాని సిగ్నల్ ఇంకోదాంట్లోకి దూకుతుంది. ఒకటి పడుకోబెట్టి, రెండోది నిలబెట్టి, మధ్యలో వీలైనంత దూరం ఉంచండి. ఇనప స్క్రూతో కాయిల్ మధ్యలో బిగించకండి, విలువ మారుతుంది. కేబుల్ టై వాడండి. లోపల బిగించేటప్పుడు వూఫర్ అయస్కాంతానికి దూరంగా పెట్టండి. వేలు పోసి ఎయిర్ కోర్ కాయిల్ (మధ్యలో ఇనుము లేనిది) కొని, దాన్ని వూఫర్ మ్యాగ్నెట్ వెనకాలే అతికించిన స్పీకర్లు లెక్కలేనన్ని.

7. ఆంప్ కలిపే ముందు మల్టీమీటర్ పెట్టండి

స్పీకర్ టెర్మినల్స్ మధ్య ఓమ్‌లు చూడండి. కెపాసిటర్లు డీసీని ఆపేస్తాయి కాబట్టి ట్వీటర్ ఈ కొలతలో కనిపించదు. కనిపించాల్సింది వూఫర్, దాని కాయిల్ కలిపి. 8 ఓమ్ స్పీకర్‌కి 6 చుట్టుపక్కల వస్తుంది. 0.3, 0.4 లాంటి అంకె వచ్చిందంటే ట్వీటర్ ప్యారలల్ కాయిల్‌ని కెపాసిటర్‌కి అవతల కాకుండా ఇవతల కలిపేశారు. అలాగే ఆన్ చేస్తే ఆంప్‌కి షార్టే. ఏ అంకే రాకపోతే వూఫర్ వైరో, కాయిల్ చివర ఎనామెలో చూసుకోండి. రెండు స్పీకర్ల అంకెల మధ్య తేడా 0.2 ఓమ్ దాటకూడదు.

8. మైక్‌తో ముందూ తర్వాతా కొలవండి

మైక్‌ని ట్వీటర్ ఎత్తులో, మీటరు దూరంలో స్టాండ్ మీద పెట్టండి. నేల మీద మైక్, స్పీకర్ ఉన్నచోట టేపుతో గుర్తులు వేసుకోండి. పాత పార్టుతో స్వీప్ (కింది నుంచి పై దాకా ఫ్రీక్వెన్సీలన్నీ వినిపించే టెస్ట్ శబ్దం), పార్టు మార్చి మళ్లీ స్వీప్. ఆంప్ వాల్యూమ్ ముట్టుకోవద్దు. మైక్ రెండంగుళాలు జరిగినా పై ఫ్రీక్వెన్సీల్లో గీత మారిపోతుంది, దాన్ని అప్‌గ్రేడ్ ఘనత అనుకునే ప్రమాదం ఉంది. అందుకే పాత పార్టుతోనే రెండుసార్లు కొలిచి, ఆ రెండు గీతల మధ్య ఎంత తేడా ఉందో ముందు చూసుకోండి. అంతకంటే తక్కువ తేడాకి అర్థం లేదు.

తర్వాత రెండు గీతలూ ఒకదానిమీద ఒకటి వేసి చూడండి:

- ట్వీటర్ భాగమంతా సమానంగా పైకి లేచింది: ఈఎస్ఆర్ సంగతి. 0.47 ఓమ్ రెసిస్టర్ పెట్టి మళ్లీ కొలవండి.
- క్రాస్‌ఓవర్ దగ్గర గుంటో గుట్టో వచ్చింది: విలువ తేడా, లేదా ట్వీటర్ వైర్లు తారుమారు. స్కీమాటిక్‌లో ట్వీటర్ ప్లస్, మైనస్ మళ్లీ చూడండి. కొన్ని డిజైన్లలో కావాలనే తిప్పి కలుపుతారు.
- రెండూ అతుక్కుపోయాయి: పార్టు సరిగ్గా పడింది. ఇక తేల్చాల్సింది చెవే.

మైక్ లేనివాళ్లు విట్యుఇక్స్‌క్యాడ్‌లోనో, అలాంటి ఇంకో సిమ్యులేటర్‌లోనో మీరు కొలిచిన విలువలు, డీసీఆర్, ఈఎస్ఆర్ వేసి రెండు గీతలూ పోల్చుకోవచ్చు. డ్రైవర్ల కొలతల ఫైళ్లు దొరికితేనే ఇది కుదురుతుంది.

9. చెవి పరీక్ష, పేరు తెలియకుండా

పార్టు మార్చడానికి అరగంట పడితే ఆ పోలికకి విలువ లేదు. అరగంట కిందటి శబ్దం అంత సూక్ష్మంగా ఎవరికీ గుర్తుండదు. పాత కెపాసిటర్, కొత్త కెపాసిటర్ (ఈఎస్ఆర్ సరిచేసే రెసిస్టర్‌తో సహా) రెండింటినీ ఒక టూ-వే టాగుల్ స్విచ్‌కి కలిపి, ట్వీటర్ దారిలో పెట్టండి. ఒకే స్పీకర్, మోనో, తెలిసిన పాట. స్విచ్ ఇంకొకరి చేతిలో ఉండాలి, ఎటువైపు ఉందో మీకు కనిపించకూడదు. పదహారుసార్లు అడిగితే పన్నెండుసార్లయినా సరిగ్గా చెప్పగలగాలి. ఎనిమిదీ తొమ్మిదీ వస్తే ఊహించి చెప్పినట్టే.

*జాగ్రత్త:* స్విచ్‌తో కెపాసిటర్‌ని షార్ట్ చేసే కనెక్షన్ ఎప్పుడూ ఇవ్వకండి, బేస్ మొత్తం ట్వీటర్లోకి పోయి అది కాలిపోతుంది. ట్యూబ్ ఆంప్ ఉంటే వాల్యూమ్ పూర్తిగా తగ్గించి స్విచ్ తిప్పండి.

తరచూ జరిగే పొరపాట్లు ఇంకొన్ని

బైపాస్ కెపాసిటర్: పెద్ద కెపాసిటర్ పక్కన చిన్న 0.1 ఖరీదైనది అతికిస్తే "గాలి వస్తుంది" అంటారు. 10 మైక్రోఫారడ్‌కి 0.1 కలిపితే 1 శాతం పెరిగినట్టు. కెపాసిటర్ టాలరెన్సే దానికి ఐదు రెట్లు.

బర్న్-ఇన్: "రెండు వందల గంటలు ఆడనివ్వండి, అప్పుడు తెరుచుకుంటుంది" అని చెబితే, వస్తువు వాపసు గడువు ఎన్నాళ్లుందో ముందు చూసుకోండి. ఫిల్మ్ కెపాసిటర్ విలువ అలా మారదు, కావాలంటే మొదటి రోజూ నెల తర్వాతా కొలవండి.

ఒక్క స్పీకర్‌కే మార్చి వదిలేయడం: పరీక్షకి ఫర్వాలేదు, తర్వాత రెండింటికీ ఒకేలా చేయండి.

పాత స్పీకర్లు బాగుచేసేవాళ్లకి మాత్రం ఈ లెక్కలు కొంచెం వేరు. ఇరవై, ముప్పై ఏళ్ల ఎలక్ట్రోలిటిక్‌లు ఎండిపోయి విలువ, ఈఎస్ఆర్ రెండూ మారిపోయి ఉంటాయి. అక్కడ మార్చాలా వద్దా అన్న ప్రశ్నే లేదు, మార్చాల్సిందే. కొత్త ఎలక్ట్రోలిటిక్‌తోనే మార్చినా తప్పు లేదు, అసలు డిజైన్‌కి అదే దగ్గరగా ఉంటుంది.

చెవి పరీక్షలో తేలకపోతే కొత్త పార్టు వాపసు ఇచ్చేయండి. లీడ్స్ కత్తిరించిన కెపాసిటర్‌ని ఏ షాపూ వెనక్కి తీసుకోదు, అందుకే పరీక్ష అయ్యేదాకా మొసలి క్లిప్పులతోనే నడిపించండి. టంకం ఆఖర్న.